మిద్దె మీది గవాచి: ఆదోని ఇళ్లలో గాలి నడిచిన దారి

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పాత మిద్దె ఇంట్లోకి ఎండాకాలం మధ్యాహ్నం అడుగుపెడితే ముందు ఎదురయ్యేది చీకటి. వీధి వైపు ఒక తలుపు, పెరటి వైపు ఇంకొకటి, గోడల్లో దీపం గూళ్లు. కిటికీలు ఉంటే ఒకటో రెండో, అవీ చిన్నవే. ఆ చీకట్లో పైకప్పు నుంచి నేల మీదికి ఒక వెలుగు పట్టీ వాలి ఉంటుంది. అది గవాచి నుంచి దిగిన వెలుగు. మిద్దె వేసేటప్పుడే నడుమ వదిలిన చదరపు కంత అది. పైన చుట్టూ చిన్న కట్ట కట్టి, వాన వస్తే మూయడానికి పక్కనే ఒక బండనో రేకునో ఉంచేవాళ్లు. చినుకు పడగానే "వాన వొస్తాంది, గవాచి మూయండప్పా!" అని ఇంటింటా కేక వినిపించేది. ఇంట్లో ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కేవాళ్లు.

వెలుతురు కోసం, పొయ్యి పొగ పోవడం కోసం దాన్ని వదిలారని అందరూ చెబుతారు. ఆ రెండూ నిజమే. అయితే గవాచి చేసిన అసలైన పని ఇంకొకటుంది. వేడిని తోడేయడం. కరెంటు లేదు, యంత్రం లేదు, తిరిగే భాగం ఒక్కటీ లేదు. ఆ పని ఎలా జరిగిందో తెలిస్తే, ఈనాటి కొత్త ఇంట్లో వేల రూపాయల కూలరు పెట్టినా ఉక్కపోత ఎందుకు తగ్గదో కూడా తెలుస్తుంది.

ముందు మిద్దె సంగతి. ఇది గుట్టలూ నల్లరేగడీ కలిసిన నేల. గుట్టల్లో కావలసినంత నల్లరాయి, చేలల్లో పత్తి. గోడలకు రాయి, నడుమ మట్టి. గోడ మందం రెండడుగుల దాకా ఉండేది. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద దగ్గర దగ్గరగా కట్టెలో వెదుర్లో నాపబండలో, ఆపైన ఆకూ అలమూ, దాని మీద అడుగు మందాన మన్ను. అన్నిటికంటే పైన సౌడు. చవిటి నేలల్లో దొరికే ఈ మన్ను తడిస్తే మెత్తగా అలుక్కుపోయి నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు బండ్ల మీద సౌడు తెచ్చి మిద్దెల మీద పోయడం ఊరి పనుల్లో ఒకటి.

అడుగు మందం మన్ను ఎండ వేడిని ఆపేయదు, ఆలస్యం చేస్తుంది. మధ్యాహ్నం మిద్దె మీద పడిన వేడి లోపలి వైపుకు దిగేసరికి చీకటి పడుతుంది. అప్పటికి జనం మంచాలతో సహా మిద్దె మీదికి చేరేవాళ్లు. పగలంతా మనుషులు కింద, ఎండ పైన. రాత్రి మనుషులు పైన, వేడి కింద. ఆ కింద చేరిన వేడిని తెల్లారేలోగా బయటికి పంపకపోతే మర్నాడు ఇల్లు కొలిమి అవుతుంది. గవాచి అవసరం ఇక్కడే.

వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. దానికి పైన దారి ఉంటే బయటికి పోతుంది. అది పోయిన మేరకు కింద తలుపు సందుల్లోంచి చల్లటి గాలి వస్తుంది. ఇంతవరకు బడి పాఠమే. ఈ తోపుడు ఎంత బలహీనమైనదో చాలామందికి తెలియదు. తలుపు అడుగుకూ గవాచికీ మధ్య మూడు మీటర్ల ఎత్తుంది, లోపలి గాలి బయటి గాలి కంటే ఐదు డిగ్రీలు వేడిగా ఉంది అనుకుందాం. లెక్క కడితే తేలే ఒత్తిడి తేడా దాదాపు అర పాస్కల్. బల్ల మీద పరిచిన ఒక తెల్ల కాగితం ఆ బల్లను నొక్కే ఒత్తిడి కూడా ఇంతకంటే ఎక్కువే, ముప్పావు పాస్కల్ పైన. మిద్దె ఇంటిని చల్లబరిచిన శక్తి ఒక కాగితం బరువుకు కూడా సరిపోదు.

ఆ కాస్తతోనే పని జరిగేది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న గవాచిలోంచి, కింద తలుపు బార్లా తెరిచి ఉంటే, ఈ అర పాస్కల్ గంటకు దాదాపు 180 ఘనపు మీటర్ల గాలిని పంపగలదు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు ఉన్న గదిలో గాలి మొత్తం గంటకు ఐదుసార్లు మారినట్టు. తెల్లవారేదాకా అదే పని. ఒక షరతు మాత్రం ఉంది: దారిలో అడ్డు ఉండకూడదు.

గాలికి అడ్డు ఎలా పనిచేస్తుందో 19వ శతాబ్దం నడుమ యూరప్‌లో నీటి గొట్టాల మీద పరిశోధించి తేల్చారు. జర్మనీలో వైస్‌బాక్ 1845లో, ఫ్రాన్సులో డార్సీ 1857లో ప్రచురించిన ఫలితాలు కలిసి ఈనాటికీ ఇంజనీర్లు వాడే సూత్రమయ్యాయి. నీటికి చెప్పినదే గాలికీ వర్తిస్తుంది. దారి పొడవు పెరిగితే అడ్డు పెరుగుతుంది, వంపు వస్తే పెరుగుతుంది, ఇరుకైతే మరీ పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అడ్డు గాలి వేగానికి వర్గంలో పెరుగుతుంది. అదే దారిలో రెట్టింపు గాలి పోవాలంటే నాలుగింతల తోపుడు కావాలి. దారి ఎంత వెడల్పుగా ఉన్నా ఒక్కచోట ఇరుకైతే, మొత్తం గాలిని శాసించేది ఆ ఇరుకే. తలుపు రెండు రెక్కలూ తీసి గవాచి మీద బండ సగం జరిపి ఉంచితే, లోపల తిరిగేది సగం గవాచికి సరిపోయే గాలి మాత్రమే.

మిద్దె కట్టిన బేల్దార్లకు ఈ సూత్రం తెలియదు. కానీ కట్టిన తీరులో దాని ఫలితం ఉంది. గవాచికి గొట్టం లేదు, వంపు లేదు. కప్పు మందమంతే దాని పొడవు. గాలి నిటారుగా లేచి నిటారుగానే వెళ్లిపోతుంది. అర పాస్కల్‌తో బతకాల్సిన దారికి ఇంతకంటే తక్కువ అడ్డు ఉండేలా కట్టడం కష్టం.

ఆషాఢ మాసం వస్తే కథ ఇంకాస్త బలపడుతుంది. నైరుతి గాలి పడమటి నుంచి ఈ మెట్ట నేలల మీద ఎడతెగకుండా వీస్తుంది. వర్షం పడమటి కనుమల దగ్గరే చాలావరకు దిగిపోయి, ఇక్కడికి ఎక్కువగా గాలే చేరుతుంది. సెకనుకు ఐదు మీటర్ల గాలిలో ఉండే ఒత్తిడి దాదాపు 14 పాస్కళ్లు. చదునైన మిద్దె మీదుగా ఆ గాలి దూసుకుపోయేటప్పుడు గవాచి దగ్గర పీల్పు పుడుతుంది. ఇల్లు తన వేడితో తోసే దానికంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ నెలల్లో పొయ్యి పొగ నిలవకుండా లాగేసేది ఈ పీల్పే.

ఎండాకాలం పగలు మాత్రం లెక్క తిరగబడుతుంది. లోపల చల్లగా, బయట వేడిగా ఉన్నప్పుడు లోపలి గాలే బరువు. తెరిచి ఉంచితే చల్లదనం తలుపు కింది నుంచి జారిపోయి, పై నుంచి వేడి దిగుతుంది. అందుకే పొద్దెక్కాక తలుపులు దగ్గరగా వేసుకుని, పొద్దు వాలాక తీసేవాళ్లు. ఇల్లు అందరి చేతా ఇలా పని చేయించుకునేది. దాన్ని నడిపింది ఇంటి ఆడవాళ్లు. ఏ వేళకు ఏది తీయాలో, ఏది మూయాలో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఎమ్మిగనూరుకు వెళ్తే ఇదే గాలి శత్రువవుతుంది. అక్కడ ఇల్లంటే మగ్గం కూడా. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు దించి కూర్చుని నేసే గుంట మగ్గానికి గాలి ఆడటం కంటే తేమ నిలవడం ముఖ్యం. పొడిగాలి తగిలితే గంజి పట్టించిన పడుగు పెళుసెక్కి పోగులు తెగుతాయి. తెగిన పోగు అతికించే ప్రతి క్షణం నేతగాడి కూలిలోంచి పోయేదే. గుంటలోని మట్టి చెమ్మ పడుగుకు దగ్గరగా ఉంటుంది. మగ్గం గదికి కిటికీ చిన్నది, తలుపు సగమే తెరుస్తారు, నేల మీద నీళ్లు చల్లుతారు. అంటే ఇక్కడ గాలి దారికి అడ్డు కావాలనే పెట్టారు. బట్ట బాగుండాలంటే మనిషి ఉక్కపోత భరించాలి. 1938లో మాచాని సోమప్ప పూనికతో ఏర్పడిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం నేతగాళ్లకు నూలు అందించి, నేసిన బట్టకు మార్కెట్ చూపించి దేశమంతా పేరు తెచ్చింది. ఆ పేరు వెనుక గాలాడని గదుల్లో గడిపిన వేలాది ఎండాకాలాలున్నాయి. దాన్ని తలచుకోకుండా చేనేత అందాన్ని మాత్రమే పొగడటం న్యాయం కాదు.

ఎమ్మిగనూరు మగ్గం గుంటలో ఉన్న సమస్యే ప్రపంచానికి ఏసీని ఇచ్చిన సమస్యల్లో ఒకటి. 1902లో విల్లిస్ క్యారియర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు యంత్రశాల కోసం గాలిలోని తేమను అదుపు చేసే ఏర్పాటు రూపొందించాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల నూలు మిల్లుల్లో పోగులు తెగకుండా గాలికి తేమ పట్టించే యంత్రాలు అమర్చిన స్టూవర్ట్ క్రామర్ అనే ఇంజనీరు 1906లో ఆ పనికి 'ఎయిర్ కండిషనింగ్' అన్న పేరు పెట్టాడు. చల్లదనం అప్పుడు రెండో మాట. మొదటి మాట తేమ. ఆ తరువాత ప్రతి నూలు మిల్లుకూ ఇదొక విభాగమైంది. పెద్ద పంకాలు గాలిని నీటి తుంపరల గుండా లాగి, సొరంగాల లాంటి దారుల్లో యంత్రాల దగ్గరికి పంపుతాయి. తిరిగొచ్చే గాలిలో దూది పొట్టు ఉంటుంది. అది వడపోత జాలీల మీద పొరలా పేరుకుంటుంది. పొర మందమయ్యే కొద్దీ పంకాకు అడ్డు పెరుగుతుంది, గాలి తగ్గుతుంది, పోగులు తెగడం మొదలవుతుంది. జాలీ దులపడం మిల్లులో చిల్లర పని కాదు, ఉత్పత్తిని నిలబెట్టే పని. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటైన ఆదోనికి, చుట్టూ జిన్నింగు మిల్లులున్న ఊరికి, గాలికి దూది ఎంత అడ్డో కొత్తగా చెప్పనక్కరలేదు.

నడుమ తెల్లవాళ్ల కాలం ఒకటి గడిచింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించాక ఆదోని బళ్లారి జిల్లాలో తాలూకాగా ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఇటు వచ్చింది. అప్పట్లో బళ్లారి తెల్లవాళ్ల సైనిక కేంద్రం. మద్రాసు నుంచి ఆదోని మీదుగా సాగిన రైలు దారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. ఇలా వచ్చి చేరిన దొరలు ఈ దేశపు వేడిని ఎదుర్కోవడానికి రెండు మార్గాలు పట్టారు. ఒకటి కప్పుకు వేలాడదీసిన గుడ్డ పంకా, దాని తాడు లాగడానికి వరండాలో కూలి మనిషి. రెండోది తలుపులకు కట్టి నీళ్లు చల్లే వట్టివేళ్ల తడిక. గాలి వీచినప్పుడే తడిక పనిచేస్తుంది. వీచనప్పుడు చేత్తో తిప్పే చక్రం పంకాను పెట్టెలో బిగించి, దాని చుట్టూ తడి తడికలు అమర్చారు. ఆ పెట్టెకు 'థర్మాంటిడోట్' అని పేరు. ఈనాటి కూలర్‌కు తాత అదే. తడిక తడిసి దట్టమయ్యే కొద్దీ గాలి లాగడం కష్టమవుతుంది. ఆ కష్టమంతా చక్రం తిప్పే మనిషి భుజాల మీద పడేది. గాలి దారిలోని అడ్డు ఎంతో తన ఒంటితో కొలిచిన మనుషులు వాళ్లు. వాళ్ల పేర్లు ఏ దస్త్రంలోనూ కనిపించవు.

మట్టి మిద్దె పోవడానికి గాలితో సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి. ఏటా సౌడు పోయాలి, చెదలు దూలాలు తింటాయి, ముసురు పడితే గోడలు నానతాయి. 2009 అక్టోబరు వరదల్లో మంత్రాలయంతో పాటు తుంగభద్ర ఒడ్డు ఊళ్లు మునిగినప్పుడు మట్టికీ సిమెంటుకూ తేడా జనం కళ్లారా చూశారు. మట్టి మిద్దెనే పట్టుకుని ఉండాలని వాళ్లకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. 1999లో దీపం పథకంతో వంటగ్యాసు పేదల ఇళ్లకు రావడం మొదలైంది. పొగ పోయింది, ఆడవాళ్ల కళ్లకు ఊరట దొరికింది. పొగే లేనప్పుడు గవాచి ఎందుకన్న మాటా వచ్చింది. 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు, ఆ తరువాత వేరే పేర్లతో ఇంకొన్ని. అన్నిటికీ స్లాబే.

నాలుగైదు అంగుళాల స్లాబులోంచి ఎండ వేడి రెండు మూడు గంటల్లోనే కిందికి దిగుతుంది. సాయంత్రానికి కప్పే పొయ్యి. దాని కింద సీలింగు ఫ్యాను తిప్పితే కప్పును అంటుకుని ఉన్న వేడిగాలి మనిషి మీదికి వస్తుంది. పైన గవాచి లేదు. కిటికీ పైకొస ఏడడుగుల దగ్గర ఆగిపోతుంది. దాని పైన మూడడుగుల వేడిగాలి బయటికి పోయే దారి లేక నిలిచిపోతుంది. పాత ఇళ్లలో స్లాబు కింద వెంటిలేటర్లన్నా పెట్టేవాళ్లు. పిచ్చుకలు వస్తాయని, దుమ్ము వస్తుందని, ఏసీ పెడితే చల్లదనం పోతుందని వాటినీ మూసేశారు. కిటికీకి దోమల జాలీ వచ్చింది. దోమల ఊళ్లో జాలీ తప్పదు. కానీ తీగల మందం పోగా మిగిలిన చోటే గాలికి దారి, ఆ కళ్లలో దుమ్మూ దూదీ చేరితే అదీ ఉండదు. అర పాస్కల్ తోపుడుకు ఇది మూసిన తలుపుతో సమానం.

ఆ తరువాత కూలరు వచ్చింది. ఆదోని లాంటి ఊరికి కూలరు నిజంగా నప్పే యంత్రం. మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ పావు వంతు దరిదాపుల్లో ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర అంత పొడిగాలిని తడి గడ్డి గుండా లాగితే 28 డిగ్రీల దాకా చల్లబడుతుంది. తేమ ఎక్కువుండే మచిలీపట్నంలో అదే కూలరు దీనిలో సగం పని కూడా చేయలేదు. ఇంత వీలున్న ఊళ్లో కూడా కూలర్ మీద తిట్లు వినిపిస్తాయి. కారణం చాలాసార్లు ఒక్కటే. గది తలుపులూ కిటికీలూ బిగించి కూలరు పెడతారు. లోపలికి తోసిన గాలికి బయటికి దారి లేదు. గదిలో ఒత్తిడి పెరుగుతుంది, పంకా తిరుగుతుంది కానీ గాలి రాదు, వచ్చిన కాస్త గాలీ అక్కడక్కడే తిరిగి తేమెక్కుతుంది. అరగంటకు ఒళ్లు జిగటపడుతుంది. నిమిషానికి వెయ్యి ఘనపుటడుగుల గాలి ఇచ్చే కూలర్‌కు ఎదురుగా రెండు చదరపుటడుగుల బయటిదారి ఉండాలన్నది అందరూ వాడే కొలత. అంటే అడుగు చొప్పున ఉన్న గవాచులు రెండు. పోయిన గవాచి అవసరం కూలర్‌తో తిరిగి వచ్చింది, ఎవరూ గుర్తించలేదు.

బోరు నీళ్లు ఇంకో సంగతి. గట్టినీటి ఉప్పు గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది. ఒక ఎండాకాలం గడిచేసరికి మెత్తగా ఉండాల్సిన గడ్డి చెక్కబారుతుంది. బయటి నుంచి చూస్తే కూలరు అదే, మోటారు అదే. లోపల గాలి దారి మూసుకుపోయింది. గడ్డి మార్చడానికి అయ్యే కొద్ది ఖర్చుకు వెనకాడి, వేలు పోసి పెద్ద కూలరు తెచ్చుకునే ఇళ్లు ఎన్నో.

ఇదే పాఠం వేరే ఖండంలో, వేరే కాలంలో తెలుగువాళ్లకు ఎదురవుతోంది. టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల వేల తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి ఇంట్లో చలికాలం వేడి, ఎండాకాలం చల్లదనం రెండూ ఒకే గొట్టాల గుండా వస్తాయి. ఆ గొట్టాలను అటక మీద వంపులు తిప్పి గదిగదికీ తెస్తారు. అక్కడి పంకాలు చాలావరకు దాదాపు 125 పాస్కళ్ల అడ్డును తట్టుకునేలా తయారవుతాయి. అక్కడి మేస్త్రీలు దాన్ని అర అంగుళం నీటి ఎత్తు అంటారు. గవాచి బతికిన అర పాస్కల్‌కు ఇది 250 రెట్లు. అంత బలమున్నా చాలదు. దుమ్ము, పుప్పొడి రాకూడదని మరీ దట్టమైన ఫిల్టరు వేస్తే, మెత్తటి గొట్టం నలిగితే, గాలి తిరిగివెళ్లే జాలీకి సోఫా అడ్డం పెడితే ఆ బలమంతా అడ్డుకే ఖర్చవుతుంది. చివరి పడకగదికి గాలి చేరదు. కరెంటు బిల్లు మాత్రం వస్తుంది. చిన్న యంత్రం తీసి పెద్దది పెట్టినా ఇరుకు దారి ఇరుకుగానే ఉంటుంది.

ఆదోనిలో ఇప్పుడు స్ప్లిట్ ఏసీలు కూడా పెరిగాయి. దాని లోపలి జాలీ తీసి కడగడం రెండు నిమిషాల పని. పత్తి సీజనులో, దూది ఎగిరే వీధుల్లో, వారానికొకసారి చూసుకోవాలి. మిల్లులో జాలీ దులిపే మనిషికి తెలిసిన సంగతి అతని ఇంట్లోనూ అమలు కావాలి.

ఇల్లు కట్టబోయేవాళ్లు మేస్త్రీని రెండు అడగాలి. స్లాబు పోసేటప్పుడు గాని, స్లాబు కింది గోడలో గాని, పడమటి గాలికి వెనక వైపున, తెరిచి మూయగల అడుగు చదరపు దారి ఒకటి ప్రతి గదికీ వదలమనాలి. దాని ఎదురుగా కింద, నేలకు దగ్గరగా, గాలి వచ్చే దారి ఇంకొకటి ఉండాలి. వానకు మూత, దోమకు జాలీ, దొంగకు ఊచలు పెట్టుకోవచ్చు. జాలీ పెడితే దారిని ఆ మేరకు పెద్దది చేయాలి. పక్కా ఇళ్ల నమూనాలు గీసే ప్రభుత్వ ఇంజనీర్లు కూడా ఈ రెండు కంతలను ఆదోని డివిజన్ ఇళ్ల ప్లానులో చేర్చాలి. సిమెంటు ఖర్చు దీనివల్ల ఒక్క బస్తా కూడా పెరగదు.